కరివేపాకు ఉందా వదినా?

ఒకప్పుడు మా ఇంట్లో కరివేపాకు కుప్పలుగా ఉండేది. ఫ్రిజ్‌లో డబ్బాల నిండా ఉండేది, వంటింటి కిటికీలో న్యూస్‌పేపరు మీద ఆరుతూ ఉండేది, పొడి కొట్టిన సీసాలు అల్మారాలో వరసగా ఉండేవి. మా నాన్న అన్నం ముందు కూర్చుని, "ఇది చారా, కషాయమా?" అని విసుక్కునేవాడు. అమ్మ పలికేది కాదు. ఆయన కూడా మళ్ళీ అడిగేవాడు కాదు. కరివేపాకు అవసరమై అమ్మ తేవడం లేదని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, మా సందులో అందరికీ తెలుసు.

తిరువూరులో మెయిన్ రోడ్డు వెనక సందు మాది. పక్కింట్లో పురుగుమందుల షాపు ఆయన కుటుంబం ఉండేది. ఆయన్ని నేను అన్నయ్య అనేదాన్ని, ఆయన భార్యని వదిన అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్క ఇళ్ళు కాబట్టి వచ్చిన వరసలు. అన్నయ్య షాపుకొచ్చే రైతులతో ఎంత మర్యాదగా మాట్లాడేవాడో చెప్పలేను. పత్తికి పురుగు పట్టిందని ఎవరైనా దిగులుగా వస్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, ధైర్యం చెప్పి పంపేవాడు. అదే మనిషి మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నానికి ఇంటికొచ్చేవాడు. పప్పులో ఉప్పు తక్కువైందనో, మజ్జిగ పుల్లగా ఉందనో, మంచినీళ్ళ గ్లాసు ఎడమవైపు పెట్టిందనో మొదలయ్యేది. కాసేపటికి వదిన కేక వినపడేది. "వద్దండీ... వద్దండీ... పాప చూస్తోందండీ."

ఆ కేక వినపడగానే అమ్మ స్టవ్ ఆపేసి, స్టీలు గిన్నె ఒకటి పట్టుకుని బయల్దేరేది. వాళ్ళ గేటు పక్కనే కరివేపాకు చెట్టు. గిన్నెతో గేటు మీద టకటకా కొట్టి, "అమ్మాయ్, నాలుగు రెమ్మలు కోసుకోనా?" అని గట్టిగా అడిగేది. జవాబు కోసం ఆగకుండానే లోపలికెళ్ళి, ఒక్కో రెమ్మే చూసి చూసి కోసేది. ఎండలు, కరెంటు కోతలు, మామిడి పూత, నోటికొచ్చిన కబురల్లా చెప్పేది. వాకిట్లో పరాయి మనిషి ఉండగా అన్నయ్య చెయ్యెత్తలేడు కదా. మిగిలిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "బాగున్నారా పిన్నిగారూ" అంటూ బండెక్కి షాపుకి పోయేవాడు. అమ్మ ఇంట్లో లేని రోజున ఎదురింటావిడ వెళ్ళేది. ఆవిడా లేకపోతే సందు చివర ఇంటావిడ. ఇలా చేద్దామని వాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్నది లేదు. మార్కెట్లో కూరగాయలు కొంటే కరివేపాకు ఊరికే వేసిచ్చే ఊళ్ళో, మా సందులో ఆడవాళ్ళంతా ఆ ఒక్క చెట్టు మీద పడి బతికారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పద్ధతి మీద కూడా నాకు ఒళ్ళు మండుతుంది. ఏం, నలుగురూ కలిసి వెళ్ళి ఎందుకు కొడుతున్నావని అడగలేకపోయారా? పోలీసు స్టేషను ఎంత దూరం? అడగలేదు, వెళ్ళలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని ఊరుకున్నారు. కానీ వదినకి ఆ రోజుల్లో ఉన్న దిక్కు అదొక్కటే. దాన్ని కూడా నేను పోగొట్టాను.

డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉండి, నేను ఊళ్ళో కేబుల్ ఛానల్లో చేరాను. పుట్టినరోజు శుభాకాంక్షలు చదవడం, నెమలి అనే ఊళ్ళో గుడి కల్యాణానికి బస్సులు వేశారో లేదో చెప్పడం, మామిడికాయల ధర చెప్పడం, ఇవీ నా పనులు. చిన్నప్పటి నుంచీ నాకు మనుషుల్ని అనుకరించడం బాగా వచ్చు. ఎవరి నడక చూసినా, ఎవరి గొంతు విన్నా ఇట్టే పట్టేసేదాన్ని. అది చూసి ఓనరు, ఆదివారం పూట ఒక కామెడీ ప్రోగ్రామ్ చేద్దామన్నాడు. రాసేది నేనే, చేయించేది నేనే. టైలరు ఒకాయనకి చీర కట్టి భార్య వేషం వేయించాం. ఆడవేషంలో మగవాడు కనపడితే చాలు, జనం సగం నవ్వు ముందే నవ్వేస్తారు.

నాలుగు వారాలు బాగానే నడిచింది. అయిదో వారానికి నాకు ఏమీ తట్టలేదు. శనివారం మధ్యాహ్నం పెన్ను పట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. పక్కింట్లోంచి కేక వినపడింది. అమ్మ గిన్నె తీసుకుని వెళ్ళింది. నేను కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర అమ్మ, గుమ్మంలో మూతి తుడుచుకుంటూ అన్నయ్య, వెనక జుట్టు సర్దుకుంటూ నవ్వు తెచ్చుకుంటున్న వదిన. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్తున్నాను, నాకు జాలి కంటే ముందు నవ్వొచ్చింది. గబగబా రాసేశాను.

అందులో కథ ఇంతే. మొగుడు పప్పులో ఉప్పు లేదని పెళ్ళాన్ని అప్పడాల కర్రతో బాదుతుంటాడు. దెబ్బ దెబ్బకీ డప్పు చప్పుడు. పక్కింటావిడ గిన్నెతో వచ్చి, "కరివేపాకు ఉందా వదినా?" అంటుంది. మొగుడు కర్ర వెనక్కి దాచుకుంటాడు, పెళ్ళాం నవ్వుతుంది. ఆవిడ వెళ్ళగానే మళ్ళీ బాదుడు. ఆవిడ ఈసారి ఇంకా పెద్ద గిన్నెతో వస్తుంది. ఆఖరికి గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. పక్కింటావిడ వేషం నేనే వేశాను. "వద్దండీ... వద్దండీ..." అని ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ వణకాలో టైలరుకి దగ్గరుండి నేర్పించాను. "పాప చూస్తోందండీ" అన్న మాట మాత్రం తీసేశాను. అది ఉంటే నవ్వు రాదనిపించింది. అంటే అది నవ్వే విషయం కాదని నాకు లోపలెక్కడో తెలుసన్నమాట.

ఊరు ఊరంతా నవ్వింది. యూట్యూబ్‌లో పెడితే గంపలగూడెం నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. బస్టాండులో కాలేజీ పిల్లలు "వద్దండీఈఈ" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. కూరగాయల మార్కెట్లోకి వెళ్తే "కరివేపాకు మేడం వచ్చింది" అని గుప్పెడు ఎక్కువ వేశారు. ఇందులో ఆడవాళ్ళకి అవమానం లేదా అని ఎవరో అడిగితే, "కొట్టింది మగాడే, దెబ్బలు తిన్నదీ మగాడే. ఇంకెవరికండీ అవమానం?" అన్నాడు మా ఓనరు. ఆ జవాబు నాకు తెగ నచ్చింది. చాలామందికి నేను అదే చెప్పాను.

అమ్మ ఆ ఆదివారం టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి వెళ్తే, గిన్నెలు తోముతూ, "అది బయట చెప్పుకునే విషయమా?" అంది.

"పేర్లేం పెట్టలేదుగా అమ్మా. కామెడీ అంతే."

"పేర్లు కాదే. ఇప్పుడు నేను ఏం అడుగుతూ వెళ్ళాలి?"

అప్పుడు నాకా మాట బుర్రకెక్కలేదు. ఆ వారంలోనే ఎక్కి ఉండాల్సింది. బుధవారం మధ్యాహ్నం కేక వినపడింది. అమ్మ కాసేపు తటపటాయించి, గిన్నె తీసుకునే వెళ్ళింది. గేటు మీద చప్పుడు చెయ్యకముందే అన్నయ్య బయటికొచ్చాడు. చేతిలో కరివేపాకు కొమ్మ.

"రండి పిన్నిగారూ, మీ కోసమే విరిచి ఉంచా. గంప తేలేదేంటి?" అని పెద్దగా నవ్వాడు.

అటుగా పోతున్నవాళ్ళు కూడా నవ్వారు. అమ్మ ఆ కొమ్మ తీసుకుని, తల వంచుకుని వచ్చేసింది. నెల తిరక్కుండా ఆకు రాలి వాకిలంతా చెత్తవుతోందని అన్నయ్య ఆ చెట్టు కొట్టించేశాడు.

తర్వాత పక్కింట్లోంచి కేకలు రావడం మానేశాయి. ఒక వారం, రెండు వారాలు, నెల. మధ్యాహ్నం ఒంటిగంటకి సందంతా నిశ్శబ్దంగా ఉండేది. నేను పొంగిపోయాను. నా ప్రోగ్రామ్ చూసి సిగ్గుపడి మారాడు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, ఒక కాలేజీలో మాట్లాడమని పిలిస్తే మైకు పట్టుకుని చెప్పాను కూడా. పాఠాలు చెప్తే మారని మనుషుల్ని నవ్వు మారుస్తుందని. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి చేస్తున్న పని ఆపి కాసేపు వంటింటి గోడ దగ్గర నిలబడేది. ఏంటమ్మా అంటే, ఏం లేదనేది.

ఆ రోజుల్లోనే ఛానల్‌కి ఒక ఫోను వచ్చింది. జనం అడుగుతున్నారని ఆ కరివేపాకు కామెడీనే రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ వేసేవాళ్ళం. నేను స్టూడియోలో ఏదో హడావిడిలో ఉండి, ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడాను. అవతల ఎవరో ఆవిడ, చాలా మెల్లగా.

"మీ కామెడీ మధ్యాహ్నం మళ్ళీ వేస్తున్నారు కదండీ. అది ఆపడానికి వీలవుతుందా అండీ?"

"ఎందుకండీ?"

"మా ఇంట్లో మగవాళ్ళు నవ్వుతున్నారండీ."

నాకు నవ్వాగలేదు. స్టూడియోలో మిగతావాళ్ళు కూడా నవ్వారు. "నవ్వడానికే కదండీ మేం చేసేది! నచ్చకపోతే ఛానల్ మార్చుకోండి" అని పెట్టేశాను. ఆ వారమంతా అదే మాకు జోకు. ఎవరైనా నవ్వితే చాలు, "ఇదిగో, మగవాళ్ళు నవ్వుతున్నారండీ" అనుకునేవాళ్ళం.

ఆ ఏడాది ఒక స్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. టీవీ మనిషినని శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. సాయంత్రం నాలుగున్నర, ఇంకా ఎండ పోలేదు, షామియానా కింద ఉక్కగా ఉంది. పాటలు, డాన్సులు అయ్యాక, "ఇప్పుడు మన ముఖ్య అతిథిగారి కామెడీని మన రెండో తరగతి పిల్లలు చేసి చూపిస్తారు" అని చెప్పారు. నేను మురిసిపోయాను. తెర తీశారు. భార్య వేషంలో వదిన కూతురు. వాళ్ళమ్మ చీర మడతలు పెట్టి చుట్టారు, కొంగు నేల మీద జీరాడుతోంది.

మొగుడి వేషం వేసిన పిల్లాడు అట్టముక్క చుట్టి చేసిన కర్ర ఎత్తాడు. డప్పు మోగింది. ఆ పిల్ల వెంటనే కింద కూర్చుంది. కొంగు చివర తీసుకుని రెండు మడతలు పెట్టి, నోట్లో కుక్కుకుని, పళ్ళతో గట్టిగా పట్టుకుంది. తల మోకాళ్ళలోకి వంచుకుని, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

ముద్దుగా ఉందని జనం నవ్వారు. తెర పక్క నుంచి టీచరు, "కేక వెయ్యమ్మా! వద్దండీ అని కేక వెయ్యి!" అంటోంది. పిల్ల కదల్లేదు. మళ్ళీ చెప్పేసరికి నోట్లోంచి గుడ్డ తీసి, ముందు మైకు వేలాడుతోందని కూడా చూసుకోకుండా చెప్పింది.

"మా అమ్మ కేక వెయ్యదు టీచర్. ఇలాగే ఉంటుంది."

నవ్వు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో వదిన కూర్చుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళతో పాటు తనూ చప్పట్లు కొడుతోంది. ఇంతలో స్టేజీ మీదకి ఇంకో పిల్ల గిన్నె పట్టుకుని వచ్చి, నా గొంతుతో, నా యాసతో, "కరివేపాకు ఉందా వదినా?" అంది. షామియానా దద్దరిల్లేలా నవ్వారు.

బహుమతి నా చేతులతోనే ఇప్పించారు. ఆ పిల్ల తలెత్తి, "అత్తా, నేను తప్పు చేశానా?" అని అడిగింది. లేదమ్మా అన్నానో లేదో నాకు గుర్తులేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. "నాకు అనుమానంగానే ఉంది. కానీ కేక లేకుండా ఏమని వెళ్ళను? వెళ్ళి ఏం అడగను? ఆ మాట అడిగితే వీధంతా నవ్వుతారు" అంది. అప్పుడు ఏడ్చాను. ఏడిస్తే ఎవరికి ఉపయోగం అని అమ్మ నన్ను కసిరింది.

మర్నాడు ఒంటిగంటకి అమ్మా నేనూ గిన్నె లేకుండా వెళ్ళి వాళ్ళ మెట్ల మీద కూర్చున్నాం. అన్నయ్య బండి దిగి, "ఏంటి పిన్నిగారూ?" అన్నాడు.

"ఏం లేదు నాయనా. ఊరికే కూర్చుందామని వచ్చాం. నువ్వు అన్నం తిను."

మూడో రోజుకి ఎదురింటావిడ, సందు చివర ఇంటావిడ కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ కబుర్లు చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఇంత తేలికైన పని ఎందుకు చెయ్యలేకపోయామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మ ఫోన్ చేస్తే అయిదో రోజున గంపలగూడెం నుంచి తమ్ముడు వచ్చి వదిన్ని తీసుకెళ్ళాడు. రెండు సంచులు, పాప, స్కూలు బ్యాగు. వెళ్ళేటప్పుడు అమ్మ ఏదో చెప్తుంటే వదిన ముఖం పక్కకి తిప్పి, కుడి చెవి అమ్మ వైపు పెట్టి విన్నది. అప్పుడు తెలిసింది మాకు, ఎడమ చెవి పోయిందని.

నేను ఆ ప్రోగ్రామ్ మానేశాను. ఓనరుతో దెబ్బలాడి యూట్యూబ్‌లోంచి ఆ వీడియో తీసేయించాను. కానీ అప్పటికే ఎవరెవరో ముక్కలు చేసి పెట్టుకున్నారు. వాటిని తీయించడం నా వల్ల కాలేదు. ఇవాళ్టికీ ఏదో ఒక ఫోనులో అది ఆడుతూనే ఉంటుంది.

వదిన్ని చూడటానికి వెళ్ళడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ముఖం చెల్లలేదు. గంపలగూడెం షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ రెండుసార్లు నన్ను ఎగాదిగా చూసి, "మీరు కరివేపాకు మేడం కదూ?" అంది. కాదన్నాను. "అచ్చం మీలాగే ఉంటుందండీ, భలే నవ్విస్తుంది" అంది.

వదిన వాళ్ళ తమ్ముడింట్లో మిషను కుడుతోంది. నన్ను చూసి లేచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. నేను ఆవిడ కుడివైపుకి వెళ్ళి కూర్చున్నాను. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. "తప్పు చేశాను వదినా, క్షమించు" అని మాత్రం అన్నాను.

ఆవిడ చేతిలో జాకెట్టు ముక్క అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. తనే చెప్పడం మొదలుపెట్టింది. "అత్తయ్యగారి గిన్నె చప్పుడు వినపడితే ప్రాణం లేచొచ్చేది. ఇక అయిపోయింది, ఇంకొక్క దెబ్బ, అంతే అనుకునేదాన్ని. నీ ప్రోగ్రామ్ వచ్చాక ఎప్పటికి అయిపోతుందో తెలిసేది కాదు. ఆయన అన్నం తింటూ అదే పెట్టుకుని చూసేవారు. చూసి, ఏదీ, టీవీలో దానిలా అరిచి చూపించు, అనేవారు. అరిస్తే నవ్వేవారు. అందుకే గుడ్డ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నా."

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే వదినా... గోడవతలే ఉన్నాను కదా."

వదిన నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"చెప్పాను కదమ్మా. మీ ఇంటికొస్తే ఆయనకి తెలుస్తుందని మీ ఛానల్‌కి ఫోన్ చేశాను. మధ్యాహ్నం వెయ్యొద్దని అడిగాను. ఛానల్ మార్చుకోమన్నావు."

మిషను పక్కన పాప లెక్కలు చేసుకుంటోంది. వదిన జాకెట్టు ముక్క మళ్ళీ సూది కింద పెట్టి, తల దించుకుని అంది.

"పేరు చెప్పడానికి భయమేసింది. నా ఏడుపంతా నీకు వచ్చు కదా, గొంతు వింటే గుర్తుపడతావనుకున్నాను."